తోటలో పూడ్చిన సీసా

జయలక్ష్మి ఈల పోయిన రోజు శనివారం. ఆళ్ళగడ్డలో మా చర్చి క్వయర్ పిల్లలు క్రిస్మస్ పాటలు సాధన చేస్తున్నారు. నా భార్యకు స్వరాలు చదవడం రాదు. కొత్త పాట వచ్చిందంటే ముందు తను ఈల వేసి వినిపించేది, పిల్లలు ఆ వరస పట్టుకునేవారు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ రోజు పెదవులు చుట్టింది, గాలి మాత్రమే వచ్చింది. మళ్ళీ చుట్టింది. ఎడమ పక్క పెదవి కలిసి రాలేదు. పిల్లలు నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు ముఖంలో కుడివైపే ఉండటం వెనక బెంచీలో కూర్చున్న నాకు కనిపించింది.

ఇంటికి నడిచి వస్తూ, "చలికి మూతి బిగుసుకుపోయిండాది, అంతే," అంది.

నేను అవునన్నాను. ఎడమ చెవి ముందు, పాత ఆపరేషన్ గీత పక్కన, శనగగింజంత గట్టిగా ఏదో తగులుతోందని నెల ముందే నా వేలు పట్టి చూపించింది. అది కుట్టు ముడి అయి ఉంటుందని అప్పుడూ నేనే చెప్పాను. అది 2021.

ఆ పాత ఆపరేషన్ అయిదేళ్ళ ముందు జరిగింది. అప్పుడు గడ్డ గోలీ అంత ఉండేది. పక్కింటి షాహజాదీ చూసి గవదబిళ్ళ అని తేల్చింది. మా వీధిలో ఏ పిల్లకు గవదబిళ్ళలు వచ్చినా షాహజాదీ బంగారు గొలుసు ఆ మెడలో మూడు రోజులు ఉండాల్సిందే. జయ దాన్ని పదిహేను రోజులు వేసుకుంది. తిరిగి ఇచ్చేటప్పుడు, "ఇంకో నెల తగ్గకుంటే బాగుండు షాహజాదీ, ఈ మెడకు ఇది బాగానే ఉండాది," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నాకు మాత్రం అది గవదబిళ్ళ కాదని తెలుసు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. లాలాజల గ్రంథులు మూడు జతలని ఏటా బోర్డు మీద బొమ్మ వేసేవాణ్ణి. చెవుల ముందు ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. నంద్యాల తీసుకుపోయాను. సూది పరీక్ష చేశారు. మామూలు గడ్డే అని వచ్చింది. ఈ చోట వచ్చేవి పదింటిలో ఎనిమిది మామూలువేనని, తీసేస్తే సరిపోతుందని సర్జన్ చెప్పాడు. బుగ్గ లోపల చీమలు పాకినట్టుంటుందని జయ నాకు రెండు మూడుసార్లు చెప్పింది. డాక్టరుకు చెప్పమన్నాను. గదిలోకి పోయాక తను మరిచిపోయింది. నేను గుర్తు చేయలేదు.

ఆపరేషన్ శనివారం మధ్యాహ్నం జరిగింది. నర్సు వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా ఒకటి, ఒక కాగితం నా చేతికిచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మంది. నేను పోయేసరికి ల్యాబు మూసేశారు. మరునాడు ఆదివారం. జయ దగ్గర ఆమె పిన్ని ఉంది. బట్టలు తెచ్చుకుందామని నేను ఆ సాయంత్రం బస్సుకు ఆళ్ళగడ్డ వచ్చాను. సీసా సంచిలోనే ఉంది. దాన్ని పుస్తకాల వెనక పెట్టాను. మూత సందులోంచి మా స్కూలు ప్రయోగశాలలో కప్ప సీసాల వాసనే వచ్చింది.

ఆదివారం జయ అన్న యాకోబు వచ్చాడు. మా సంఘ పెద్ద ఆయన. నేను సీసా చూపిస్తే చేతుల్లోకి తీసుకున్నాడు.

"వాళ్ళు చూసినాక ఏం జేస్తారు దీన్ని?" అన్నాడు.

"పారేస్తారనుకుంటా."

"చెల్లెలి ఒంట్లోది బావా. చెత్తలో ఏస్తే రేపు లేచే నాడు ఆ దేహం తక్కువ పడదా? సూదిలో మామూలే అన్యారంటివే. మళ్ళీ చూసేదేముండాది? అమ్మ పక్కన పెడదాం."

నాకు అలాంటి నమ్మకం లేదు. కానీ ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక, సూది పరీక్షలో తేలిపోయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. సోమవారం పొద్దున నంద్యాల పోవాల్సినవాణ్ణి స్కూలుకు పోయాను. సాయంత్రం ఇద్దరం సమాధుల తోటకు వెళ్ళి అత్తగారి సమాధి పక్కన మూరెడు లోతు తవ్వి సీసాతో సహా పూడ్చాం. యాకోబు చిన్న ప్రార్థన చేశాడు. కాగితం నేను మడిచి జేబులో పెట్టుకున్నాను, తర్వాత చించేశాను. ఆ సంగతి జయకు చెప్పే భారం ఆయన నాకు వదిలాడు. రెండేళ్ళకు ఆయనా ఆ తోటలోకే చేరాడు.

జయ ఇంటికి వచ్చిన రోజు, "ల్యాబులో ఇచ్చినావా?" అని అడిగింది. ఇచ్చానన్నాను. పది రోజులకు, "ఏమొచ్చింది?" అని అడిగింది. "మామూలుదే" అన్నాను. సూది పరీక్షలో వచ్చిన మాటే తిరిగి చెబుతున్నానని అనుకున్నాను. జయ షాహజాదీ ఇంటికి స్వీట్లు కూడా పంపింది.

ఈల పోయిన తర్వాత మళ్ళీ నంద్యాల వెళ్ళాం. ఈసారి ల్యాబులో డాక్టర్ అరుణకుమారి ఉన్నారు. సూది పెట్టే ముందు ఆమె జయను ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళు గట్టిగా మూయమన్నారు, బుగ్గలు పూరించమన్నారు, పళ్ళు చూపించమన్నారు. చివరకు ఈల వేయమన్నారు.

"అదే పోయింది డాక్టరమ్మా. దానికోసమే వచ్చినా," అంది జయ.

డాక్టరమ్మ నవ్వి నా వైపు తిరిగారు. "అప్పుడు తీసిన గడ్డ రిపోర్టు కావాలి. ఆ ల్యాబులో మైనంలో దాచిన ముక్క ఉంటుంది, అదీ తెప్పిద్దాం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది."

"రిపోర్టు పోయింది," అన్నాను.

"ఏ ల్యాబు?"

"గుర్తు లేదండి."

"ఈయన బస్సు టికెట్టు కూడా పారెయ్యడు డాక్టరమ్మా," అంది జయ. "యాడికీ పోయుండదు. ఎతుకుతాడులెండి."

నేను ఆ రాత్రి బీరువాలోవన్నీ దించి వెతికాను. తను మంచం మీద నుంచి చూస్తూ ఉంది కాబట్టి వెతికాను.

ముక్క కోసి పరీక్ష చేశాక, నేను జీవశాస్త్రం చెప్పేవాణ్ణని తెలిసి డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూడనిచ్చారు. జల్లెడలా గుండ్రటి చిల్లులు, వాటి చుట్టూ నల్లటి చిన్న కణాలు. చూడటానికి పొందికగా ఉంది. ఇది అరుదైన రకం క్యాన్సరని, తొందరపడదని, నరం పట్టుకుని పాకుతుందని చెప్పారు. సూదికి చిక్కే నాలుగు కణాల్లో ఒక్కోసారి మామూలు గడ్డలాగే కనిపిస్తుందన్నారు. "బుగ్గలో ఎప్పుడైనా చీమలు పాకినట్టు ఉండేదా అమ్మా?" అని అడిగారు. ఉండేదని జయ చెప్పింది. అప్పటికే ఊపిరితిత్తుల్లో చుక్కలున్నాయి.

తర్వాత రెండున్నర ఏళ్ళు బతికింది. ముఖం ఎడమవైపు జారిపోయింది. మజ్జిగ తాగితే మూతి మూల నుంచి కారేది. షాహజాదీ కూతురు జబీనా ఇంటి ముందు గదిలో రవికెలు కుడుతుంది, జయ రవికెలు కూడా తనే కుట్టేది. మిగిలిన మెత్తటి గుడ్డలతో అరచేతంత రుమాళ్ళు కుట్టి తెచ్చింది, జయకున్న ప్రతి చీరకు సరిపోయే రంగులో ఒకటి. "చీరకు తగ్గ రుమాలు అనుకుంటారత్తా, మూతి తుడుచుకునేదానికని ఎవరికీ తెలీదు," అంది. జయ ఆ పిల్ల చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఆ రుమాళ్ళు పదకొండు ఉన్నాయి.

మధ్యమధ్యలో జయ అడిగేది, "అయ్యోరా, ఆ కాగితం దొరికిందా?" అని. లేదనేవాణ్ణి. "దొరుకుతాదిలే," అనేది.

నిరుడు ఆగస్టులో పోయింది.

ఈ జనవరిలో ఒక సాయంత్రం జబీనా వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. నా దగ్గరే చదివింది. ముసుగు పక్కకు తీసి కుడి చెవి ముందు భాగం చూపించింది. నిమ్మకాయలో సగం ఉంది.

"మూడు జతలని చెప్పినారు కదా సార్ మీరు ఎనిమిదో తరగతిలో. నాది ఏ జతలో వచ్చిండాది?"

"మొదటి జత."

"జయత్తదీ అదేనా?"

"అదే. ఎప్పటి నుంచి ఉంది?"

"మూడేండ్లు. అమ్మ గొలుసు ఏసింది. మీరు అత్తతోటి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతాండారు, అప్పుడు చెప్పబుద్ధి కాలేదు."

"నొప్పి ఉందా? చీమలు పాకినట్టు?"

"ఏం లేదు సార్. సూది పరీక్ష అయింది, మామూలుదేనంట. బుధవారం ఆపరేషన్." ముసుగు సర్దుకుంది. "నాకు చచ్చేదానికి భయం లేదు సార్. మూతి వంకర పోతే ఎట్ల? సూదులు పెదాల్లో పెట్టుకుని కుడతా. దారం పండ్లతో తెంపుతా. మీరు వస్తే బాగుంటాది. నాయనకు ఆడ ఏం మాట్లాడాలో తెలీదు."

వస్తానన్నాను.

బుధవారం పొద్దున ముగ్గురం బస్సెక్కాం. జబీనా తండ్రి అబ్దుల్ గఫార్ పరుపులు కుడతాడు. ఆయన బట్టల మీద ఎప్పుడూ దూది పోగులు అంటుకుని ఉంటాయి. శిరివెళ్ళ దాటాక కూతురు కునికిపాట్లు పడుతుంటే తలను తన భుజం మీదికి వాల్చుకుని, అది కదలకుండా నంద్యాల దాకా బిగుసుకుని కూర్చున్నాడు.

ఆపరేషన్‌కు ముందు సర్జన్ వచ్చి, అప్పుడు జయతో డాక్టరమ్మ చేయించిన నాలుగు పనులూ చేయించాడు. ఈల దగ్గర జబీనా ఆగింది.

"ఆడపిల్లను ఈల ఏయమంటాండారేంది సార్?" అని నన్ను అడిగింది.

"వెయ్యి జబీనా. జయత్త రోజూ వేసేది కదా."

వేసింది. సన్నగా, సరిగానే వచ్చింది. గఫార్ గోడ వైపు తిరిగాడు.

రెండున్నర గంటల తర్వాత, బాగానే అయిందని చెప్పారు. నర్సు తలుపు తీసి వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా, ఒక కాగితం గఫార్ చేతికిచ్చింది. వీధి చివర ల్యాబులో ఇవ్వమంది. గఫార్ బెంచీ మీద కూర్చుని సంచిలోంచి తెల్ల గుడ్డ తీశాడు. ఉతికి మడత పెట్టిన కొత్త గుడ్డ. సీసాను అందులో చుట్టడం మొదలుపెట్టాడు.

"ల్యాబు ఇటువైపు, గఫారన్నా."

"ల్యాబుకు యాడ సారూ? మాలో ఒంట్లోంచి తీసింది మట్టిలో పెట్టల్ల. రెండు గంటల బస్సుకు పోయి మా అమ్మ గోరీ పక్కన పెట్టేసి, మళ్ళా సందకాడికి వచ్చేస్తా. మీరు బిడ్డకాడ ఉండండి."

"చూపించాలన్నా. ముందు చూపించాలి."

"సూదిలో చూసినారు కదా. మామూలుదే అన్యారు."

"జయకూ అలాగే అన్నారు."

"ఆ సంగతే చెప్తాండా," అన్నాడు గఫార్. నన్ను బాధపెడుతున్నానేమోనని గొంతు తగ్గించాడు. "జయమ్మది ల్యాబుకే ఇస్తిరి కదా సారూ మీరు. మామూలుదే అని రాసిచ్చిరి. స్వీట్లు కూడా తింటిమి. అయిదేండ్లకు ఏమాయె? మా వీధిలో అందరం అదే అనుకుంటాం. సార్ అంత చదువుకున్యోడు, అంత జాగర్తపరుడు, ఆయన ఇచ్చిందే ల్యాబోళ్ళకు తెలీలేదు, మనదేం తెలుస్తాదిలే అని. కోసి పారేసేదానికి ఎందుకు ఇయ్యల్ల?"

ఆ మాట నాకు అంతవరకు తట్టలేదు. నేను చెప్పిన అబద్ధం నా ఇంట్లోనే ఉందనుకున్నాను. అది గోడ దాటి పక్కింటికి పోయి, ఒక తెల్ల గుడ్డతో ఈ బెంచీ మీదికి వచ్చింది.

"నేను ఇవ్వలేదన్నా," అన్నాను.

"ఏంది?"

"జయ సీసా నేను ల్యాబుకు ఇవ్వలేదు. యాకోబు బావ, నేను తీసుకుపోయి తోటలో పూడ్చిపెట్టాం. మామూలుదే అని ఎవరూ రాసివ్వలేదు. నేను చెప్పాను."

గఫార్ చేతులు గుడ్డ మీద ఆగిపోయాయి. ఎదురుగా ఒక ముసలామె బిస్కెట్టు నీళ్ళలో ముంచుకుని తింటోంది. ఆయన ఆమెను చూసి, తర్వాత నా వైపు తిరిగాడు.

"జయమ్మకు తెలుసునా?"

"తెలియదు."

"మీ పాపకు? ఫెబాకు?"

"తెలియదు."

"మాకు చెప్తాండావు," అన్నాడు. నన్ను ఆయన ఎప్పుడూ ఏకవచనంలో పిలవలేదు. కోపంతో పిలిచినట్టు లేదు. తర్వాత గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. "పరుపు ఇప్పకుండా పైన తడిమి దూది మంచిదనేటోణ్ణి నేను తిడతా సారూ. పైన తెల్లగా ఉంటాది. లోపల పాత చీరలు, గోనెపట్టాలు, ఏమేమో కుక్కింటారు. సూది అంటే పైన తడిమినట్టే కదా?"

"అంతే అన్నా."

"యాడుండాది ల్యాబు?"

వీధి చివరిదాకా సీసాను రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. నేను కాగితం పట్టుకున్నాను.

డాక్టర్ అరుణకుమారి నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డారు. గఫార్ సీసా బల్ల మీద పెట్టి, వదలకుండా అడిగాడు.

"అమ్మా, చూసినాక మాకు తిరిగి ఇస్తారా? మేం మట్టిలో పెట్టుకోవల్ల."

"ఇస్తాం," అన్నారు డాక్టరమ్మ. "చూడటానికి కొన్ని పలచటి ముక్కలు కోసుకుంటాం. అవి మైనంలో మా దగ్గరే ఉంటాయి. మిగిలింది నెల రోజులు దాస్తాం. తర్వాత వచ్చి అడిగితే ఇచ్చేస్తాం. చాలామంది అడగరు, అంతే."

గఫార్ సీసా మీద నుంచి చేతులు తీశాడు. యాకోబు, నేను ఆ మాట ఎవరినీ అడగలేదు.

ఆయన బయటికి వెళ్ళాక, రిపోర్టు పోలేదని, అసలు సీసా ల్యాబుకే ఇవ్వలేదని డాక్టరమ్మకు చెప్పాను. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు.

"అప్పుడే తెలిసి ఉంటే?" అని అడిగాను.

"రేడియేషన్ ఇచ్చేవాళ్ళు. ఏటా స్కాన్ చేసేవాళ్ళు. ఎన్నేళ్ళు కలిసొచ్చేవో నేను చెప్పలేను సార్. అసలు కలిసొచ్చేవో లేదో కూడా చెప్పలేను. అది చెప్పగలిగే ముక్క మన దగ్గర లేదు."

ఆమె నన్ను ఓదార్చలేదు. అందుకు నేను ఆమెకు కృతజ్ఞుణ్ణి.

ఎనిమిది రోజులకు జబీనా రిపోర్టు వచ్చింది. మామూలు గడ్డే. రెండు మూడు రకాల కణాలు కలిసి పెరిగే రకం, ఈ గ్రంథిలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే. ఒక అంచున మాత్రం పైపొర పలచగా ఉందని, ఏటా వచ్చి చూపించుకోవాలని రాశారు. గఫార్ ఆ కాగితాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. చెవి ముందు పరుపు కుట్టులాగే కుట్టారని, కాకపోతే తనంత దగ్గరదగ్గరగా కుట్టలేదని అన్నాడు.

"నీ కుట్లయితే నా చెవి తలగడకు అతుక్కుపోయుండేది నాయనా," అంది జబీనా.

నెల నిండాక ఆయన, నేను మళ్ళీ నంద్యాల వెళ్ళి మిగిలింది తెచ్చుకున్నాం. అదే తెల్ల గుడ్డలో చుట్టి వాళ్ళమ్మ గోరీ పక్కన పెట్టాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో, "వీధిలో నేను ఎవ్వరికీ చెప్పలేదు సారూ," అన్నాడు. "ల్యాబుకు ఇయ్యల్ల అని మాత్రం చెప్తాండా. ఎందుకని అడిగితే, సార్ చెప్పినాడంటాండా." చర్చి దగ్గరికి వచ్చాక మళ్ళీ ఆగాడు. "పాపకు మాత్రం నువ్వే చెప్పల్ల."

ఆపరేషన్ అయిన మొదట్లో జబీనా కుడి పెదవి కొంచెం బరువుగా ఉండేది. నరానికి దెబ్బ తగల్లేదని, కదిలినందుకు అలిగిందని, సర్దుకుంటుందని సర్జన్ చెప్పాడు. సాయంత్రం పూట గోడ అవతల కుట్టు మిషన్ ఆగినప్పుడల్లా ఆ పిల్ల ఈల ప్రయత్నిస్తూ ఉంటుంది. మొదటి వారాల్లో గాలే వచ్చేది. ఇప్పుడు సగం వస్తోంది. మొన్న ఒక వరస దాదాపు పూర్తిగా వచ్చింది. అది జయ పిల్లలకు నేర్పిన క్రిస్మస్ పాట. ఏళ్ళ తరబడి గోడ అవతల నుంచి విని ఉంటుంది. చివరి రెండు స్వరాలు జారిపోయాయి. షాహజాదీ లోపలి నుంచి, "చాలు తల్లీ, పాలోడు అనుకుని ఎవరన్నా గిన్నె తీసుకోనొస్తారు," అంది.

ఫెబా మా ఒక్కతే కూతురు. డోన్ స్టేషన్లో బుకింగ్ క్లర్కు. ఆదివారాలు వస్తుంది. తల్లి ఆస్పత్రి కాగితాలన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టింది. మొదట్లో ఒక ఖాళీ ప్లాస్టిక్ కవరు ఉంచింది. దాని మీద "2016 ఆపరేషన్ రిపోర్టు" అని రాసింది. కిందటి ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక స్టూలు వేసుకుని అటక మీది పెట్టె దించబోయింది.

"దిగమ్మా, పడతావు," అన్నాను.

"అమ్మ చెప్పింది నాయనా, నువ్వు ఏదీ పారెయ్యవని. యాడో ఉంటాది. నువ్వు కూర్చో, నేను చూస్తా."

నేను స్టూలు కదలకుండా పట్టుకున్నాను. పెట్టెలో పాత పరీక్ష పేపర్లు, క్వయర్ పుస్తకాలు ఉన్నాయి. మళ్ళీ వారం వచ్చినప్పుడు బీరువా చూస్తానని చెప్పి సాయంత్రం రైలుకు వెళ్ళింది.

ఫెబాకు నేను ఇంకా చెప్పలేదు.